బార్‌కోడ్ లేని పుస్తకాలు, ఆన్‌లైన్ కేటలాగ్: ఎక్కడ మొదలుపెట్టాలి?

పొద్దుతిరుగుడు | ఆదివారం, ఉదయం 10:05

అందరికీ నమస్కారం. కొంతమంది స్నేహితులం కలిసి ఒక చిన్న పఠనాలయం నడుపుతున్నాం. సుమారు మూడు వేల పుస్తకాలుంటాయి, సగానికి పైగా తెలుగువి. ఇప్పటిదాకా అంతా చేతిరాత రిజిస్టరే. పుస్తకాలు వచ్చిన వరసలో రాసుకుంటూ పోయారు కాబట్టి, ఎవరైనా ఒక పేరు చెప్పి ఉందా అని అడిగితే పేజీలన్నీ తిరగేయాలి. లేదంటే ఎప్పట్నుంచో ఉన్న ఒకరిద్దరికి ఫోన్ చేయాలి. ఇదంతా ఆన్‌లైన్‌లో పెట్టాలని ఉంది. మా ఇంట్లో నా సొంత పుస్తకాలూ చాలా ఉన్నాయి, వాటికీ ఏదో ఒకటి చేయాలి.

లైబ్రరీథింగ్, టైనీక్యాట్, కోహా, గుడ్‌రీడ్స్, ఓపెన్ లైబ్రరీ, లిబిబ్ అని చాలా పేర్లు విన్నాను. పాత తెలుగు పుస్తకాల్లో చాలావాటికి బార్‌కోడ్ లేదు, కొన్నిటికి ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు) కూడా లేదు. వాడినవాళ్లు అనుభవంతో చెప్పండి. ఒకే టూల్ రెండు చోట్లకీ సరిపోతుందా?

మల్లెపందిరి | ఆదివారం, ఉదయం 10:41

ముందు గుడ్‌రీడ్స్‌ని పక్కన పెట్టేయండి. అది మంచిదే, నేనూ వాడతాను, కానీ అది చదివిన పుస్తకాల లెక్క కోసం. చదివాను, చదువుతున్నాను, చదవాలి అనే అరలు అక్కడ ముఖ్యం. మీ బీరువాలో ఎన్నో అరలో ఉంది, అట్ట ఊడిందా, ఎవరు పట్టుకెళ్లారు అనేవి దాని పని కాదు.

నా మాట వింటే మామూలు స్ప్రెడ్‌షీట్‌తో మొదలుపెట్టండి. మూడు వేల వరసలు ఏ స్ప్రెడ్‌షీట్‌కీ భారం కాదు. అందరికీ తెరవడం వచ్చు, నేర్పే పని లేదు.

అరచూపు | ఆదివారం, ఉదయం 11:20

మల్లెపందిరి గారూ, స్ప్రెడ్‌షీట్‌లో ప్రతి అక్షరం మనమే కొట్టాలి కదండీ. సగం పుస్తకాలకు ఆ వివరాలు ఎవరో ఒక లైబ్రేరియన్ ఎప్పుడో శ్రద్ధగా రాసి పెట్టే ఉంటారు. దాన్ని తెచ్చుకోవడమే ఈ టూల్స్ వల్ల పెద్ద లాభం.

నేను లైబ్రరీథింగ్ మొదటి రోజుల నుంచీ వాడుతున్నాను. టిమ్ స్పాల్డింగ్ 2005 ఆగస్టులో మొదలుపెట్టారు. అప్పట్లో 200 పుస్తకాల దాకే ఉచితం, 2020లో ఆ పరిమితి తీసేశారు. ఐఎస్‌బీఎన్ కొట్టినా, ఫోన్ కెమెరాతో బార్‌కోడ్ చూపించినా అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ లాంటి లైబ్రరీల రికార్డుల్లోంచి పేరు, రచయిత, ప్రచురణ సంవత్సరం, పేజీలు, విషయం అన్నీ తెచ్చి పెడుతుంది. ఏ లైబ్రరీలో వెతకాలో మనమే ఎంచుకోవచ్చు. ఇది పైకి చిన్న విషయంలా ఉంటుంది కానీ ఫలితంలో చాలా తేడా వస్తుంది. పుస్తకాలమ్మే సైట్ల నుంచి వచ్చే రికార్డులో పేరు పక్కనే "పేపర్‌బ్యాక్, కొత్త ముద్రణ" లాంటి మాటలు అంటుకుని వస్తాయి. లైబ్రరీ రికార్డులో ఏ వివరం ఎక్కడుండాలో అక్కడే ఉంటుంది.

పఠనాలయానికైతే దాని మీదే కట్టిన టైనీక్యాట్ ఉంది, 2016లో వచ్చింది. లైబ్రరీథింగ్‌లో ఎక్కించిన పుస్తకాలే పాఠకులకు శుభ్రమైన సెర్చ్ పేజీగా కనిపిస్తాయి. ఇరవై వేల పుస్తకాల దాకా చిన్న లైబ్రరీల కోసం చేసింది. సొంత సేకరణకు ఉచితం, సంస్థలైతే పుస్తకాల సంఖ్యను బట్టి చందా కట్టాలి. సభ్యుల పేర్లు, ఇచ్చిపుచ్చుకోవడం, గడువు తేదీలు అందులోనే చూసుకోవచ్చు.

లాగ్‌ఫైల్ | ఆదివారం, మధ్యాహ్నం 12:15

లైబ్రరీ అన్నారు కాబట్టి కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ గురించి చెప్పకుండా ఉండలేను. న్యూజిలాండ్‌లో హోరోవెనువా లైబ్రరీ ట్రస్ట్ వాళ్ల పాత సిస్టమ్ 2000 సంవత్సరంలోకి అడుగుపెడితే పనిచేయదని తేలింది. అప్పుడు 1999లో కటిపో అనే సంస్థతో కొత్తది రాయించుకుని, ఎవరైనా వాడుకునేలా ఓపెన్ సోర్స్‌గా వదిలారు. ఈరోజు ప్రపంచమంతటా వేల లైబ్రరీల్లో నడుస్తోంది. కేటలాగ్, సభ్యులు, ఇచ్చిపుచ్చుకోవడం, కొనుగోళ్లు, పత్రికల చందాలు అన్నీ ఒకేచోట. జడ్39.50 అనే పద్ధతిలో వేరే లైబ్రరీల నుంచి రికార్డులు నేరుగా దించుకుంటుంది.

కాకపోతే ఒకటి. దీనికి లినక్స్ సర్వర్ కావాలి. అప్‌డేట్లు వేయాలి, బ్యాకప్‌లు చూసుకోవాలి. మీ స్నేహితుల్లో ఆ పని ఇష్టంగా చేసేవాళ్లు కనీసం ఇద్దరు ఉంటేనే దిగండి. ఒక్కరే ఉంటే, ఆయన వేరే ఊరు వెళ్లిన రోజున సర్వర్ పాస్‌వర్డ్ కోసం అందరూ వెతుక్కుంటారు. రిజిస్టర్‌తో మీకున్న ఇబ్బందే మళ్లీ కొత్త రూపంలో వస్తుంది.

గ్రంథపాలిక | ఆదివారం, మధ్యాహ్నం 3:30

ఉద్యోగరీత్యా కేటలాగింగే నా పని. ఏ టూల్ అన్నది తర్వాత మాట్లాడుకుందాం. మీ కేటలాగ్ ఏ ప్రశ్నలకు జవాబు చెప్పాలో ముందు కాగితం మీద రాసుకోండి. "ఈ పుస్తకం మన దగ్గర ఉందా?" అన్నది మొదటి ప్రశ్న. "ఏ అరలో?" రెండోది. "ఇప్పుడు అక్కడే ఉందా, ఎవరి దగ్గరైనా ఉందా?" మూడోది. "ఈ రచయితవి ఇంకేం ఉన్నాయి?" నాలుగోది. బార్‌కోడ్ స్కాన్ చేస్తే వచ్చే సమాచారం వీటిలో మొదటిదానికీ చివరిదానికీ కొంత పనికొస్తుంది. మధ్యలో రెండిటికీ బొత్తిగా పనికిరాదు. అవి మీ గదిలో ఉన్న ప్రతికి సంబంధించినవి. ప్రపంచంలో ఏ డేటాబేస్‌లోనూ దొరకవు, మీరే రాయాలి.

కాబట్టి పుస్తకం వేరు, ప్రతి వేరు అనే తేడా మొదటి రోజే పెట్టుకోండి. ఒకే నవల మూడు ప్రతులుంటే వివరాలు ఒకసారి చాలు, కానీ యాక్సెషన్ నంబర్లు (ఒక్కో ప్రతికి ఇచ్చే వరస నంబర్లు) మూడు ఉండాలి. మీ చేతిరాత రిజిస్టర్‌లో వరస నంబర్లు ఉండే ఉంటాయి. వాటిని దయచేసి మార్చకండి. పుస్తకం మీద సిరాతో వేసిన ఆ నంబరే కొత్త కేటలాగ్‌లో ప్రతి నంబరుగా ఎక్కించండి. పాత రిజిస్టర్‌లో దాత పేరు, వచ్చిన తేదీ ఉంటాయి. నంబరు నిలిస్తే ఆ చరిత్ర అంతా తెగిపోకుండా ఉంటుంది. కంప్యూటర్ వచ్చింది కదా అని ఒకటి నుంచి కొత్త నంబర్లు వేసే చోట్ల, పాత రిజిస్టర్‌లో ఏది ఏ పుస్తకమో చెప్పగలిగేవాళ్లు కొన్నాళ్లకు ఎవరూ ఉండరు.

కొత్తచదువరి | ఆదివారం, సాయంత్రం 5:02

చిన్న డౌట్. నా దగ్గరున్న కొన్ని పుస్తకాల మీద పది అంకెల ఐఎస్‌బీఎన్ ఉంది. కొన్నిచోట్ల కొడితే "సరికాదు" అంటోంది. పదమూడు అంకెలుంటేనే తీసుకుంటుందా?

లాగ్‌ఫైల్ | ఆదివారం, సాయంత్రం 5:40

ఐఎస్‌బీఎన్ 1970లో అంతర్జాతీయ ప్రమాణం అయింది, అప్పట్లో పది అంకెలు. 2007 జనవరి 1 నుంచి పదమూడు అయ్యాయి. చాలా టూల్స్ రెండూ తీసుకుంటాయి. తీసుకోకపోతే మీరే మార్చుకోవచ్చు. ముందు 978 చేర్చి, పాతదాని చివరి అంకె తీసేసి, కొత్త చివరి అంకె లెక్కగట్టాలి.

ఉదాహరణకు 0306406152 తీసుకోండి. చివరి 2 తీసేసి ముందు 978 పెడితే 978030640615 వస్తుంది. ఈ పన్నెండు అంకెల్నీ ఎడమ నుంచి వరసగా 1తో, 3తో, మళ్లీ 1తో, 3తో గుణిస్తూ కూడండి. మొత్తం 93. దాని తర్వాత వచ్చే పదుల సంఖ్య 100, తేడా 7. అంటే 9780306406157. స్కాన్ చేయలేక చేత్తో కొట్టేటప్పుడు ఒక అంకె తప్పు పడితే సిస్టమ్ పట్టుకునేది ఈ చివరి అంకెతోనే. పది అంకెల వాటిలో చివర ఎక్స్ అనే అక్షరం కనిపిస్తే అది తప్పు కాదు, అక్కడ పదికి గుర్తు అది.

స్ప్రెడ్‌షీట్ వాడేవాళ్లకు ఇంకో మాట. ఐఎస్‌బీఎన్ కాలమ్‌ని ముందే "టెక్స్ట్" అని పెట్టుకోండి. లేకపోతే ఎక్సెల్ దాన్ని పెద్ద సంఖ్య అనుకుని 9.78 పక్కన ఏదో గుర్తు పెట్టి కుదించేస్తుంది, సున్నాతో మొదలయ్యేవాటి సున్నా తినేస్తుంది. సేవ్ చేసి మూసేశాక కొన్ని అంకెలు మళ్లీ రావు.

నీలిసిరా | ఆదివారం, రాత్రి 8:18

అసలు సంగతి ఐఎస్‌బీఎన్ లేని పుస్తకాలది. పొద్దుతిరుగుడు గారూ, మీరు అడిగిందీ అదే. పాత తెలుగు పుస్తకాలు సేకరిస్తాను కాబట్టి దీని మీద కొంచెం వివరంగా రాస్తాను.

మొదటి నియమం: అట్ట మీద ఉన్నది కాదు, లోపల టైటిల్ పేజీ మీద ఉన్నది రాయండి. పాత పుస్తకాలకు మళ్లీ బైండింగ్ చేయిస్తారు. వెన్ను మీద బైండర్ తనకు తోచిన పేరు వేస్తాడు. లోపల అసలు పేరు ఇంకొకటి ఉంటుంది.

రెండోది సంవత్సరం. చాలా పాత పుస్తకాల్లో "ప్రభవ నామ సంవత్సరం" అని మాత్రమే ఉంటుంది. ఆ పేరు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది. ప్రభవ అంటే 1927-28 కావచ్చు, 1987-88 కావచ్చు, 1867-68 కూడా కావచ్చు. ఏదో తేల్చాలంటే ముద్రణాలయం పేరు, అక్షరాల అచ్చు, ఖరీదు వేసిన తీరు, పీఠికలో ఎవరెవరి ప్రస్తావన ఉంది అనేవి చూడాలి. ఖరీదు రూపాయలు, అణాల్లో ఉంటే 1987 అయ్యే అవకాశం లేదు. ఊహించి రాసినప్పుడు చదరపు బ్రాకెట్‌లో పెట్టి ప్రశ్నార్థకం వేయండి, [1927?] అని. కేటలాగింగ్‌లో ఇది అందరూ పాటించే పద్ధతే. పుస్తకం మీద అచ్చయిన సంవత్సరానికీ, మనం అంచనా వేసినదానికీ తేడా తర్వాత చూసేవాళ్లకు తెలియాలి.

మూడోది అరసున్న. పేరులో "వాఁడు" అని ఉంటే అలాగే రాయండి, అది పుస్తకం పేరు. కానీ వెతికేవాళ్లు అరసున్న కొట్టరు. కాబట్టి రెండో పేరుగా అరసున్న లేకుండా కూడా చేర్చాలి. ప్రతి టూల్‌లోనూ అందుకు ఏదో ఒక చోటు ఉంటుంది.

గ్రంథపాలిక | ఆదివారం, రాత్రి 9:05

నీలిసిరా గారు చెప్పినదానికి మార్క్ పద్ధతిలో (కంప్యూటర్ కేటలాగ్‌లో పుస్తకం వివరాలు నంబర్లు వేసిన గడుల్లో రాసే నమూనా) విడిగా ఒక చోటు ఉంది. అరవైల్లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఆవ్రమ్ తీర్చిదిద్దిన ఆ నమూనానే ఇప్పటికీ చాలా లైబ్రరీలు వాడుతున్నాయి. అసలు పేరు 245లో, మరో రూపం 246లో రాస్తాం. కోహా వాడితే ఈ నంబర్లు మీకు నేరుగా కనిపిస్తాయి.

ఇంకో సంగతి. పెద్ద విదేశీ లైబ్రరీల రికార్డుల్లో తెలుగు పుస్తకాలు చాలావరకు రోమన్ లిపిలో ఉంటాయి. దీర్ఘాలకు పైన గీతలు, ళ, ణ, ష లాంటివాటికి కింద చుక్కలు పెట్టి రాసే పద్ధతి అది. కొన్నిటికి 880 అనే చోట తెలుగు లిపి రూపం జతగా ఉంటుంది, చాలావాటికి ఉండదు. కాబట్టి తెలుగులో వెతికితే దొరకలేదంటే ఆ రికార్డు లేదని అనుకోకండి. రోమన్‌లో, గీతలూ చుక్కలూ లేకుండా కొట్టి చూడండి. దొరికితే దించుకుని, పేరు దగ్గర తెలుగు మీరు చేర్చండి. పేజీల సంఖ్య, సైజు, ప్రచురణ వివరాలు ఆ రికార్డుల్లో చాలా నమ్మకంగా ఉంటాయి.

లాగ్‌ఫైల్ | ఆదివారం, రాత్రి 10:12

తెలుగు లిపిలో వెతకడం గురించి సాంకేతికంగా కొన్ని. వీటిని మొదట్లోనే పట్టించుకోకపోతే వెయ్యి పుస్తకాలు ఎక్కించాక తల పట్టుకోవాలి.

కీబోర్డుల్లో కొన్ని కంటికి కనిపించని అక్షరాలు పడతాయి. "సాఫ్ట్‌వేర్" అనే మాటలో ట కింద వ వత్తుగా మారకుండా ఆపేది జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు. మాట మధ్యలో ఉంటే దాని పని కంటికి తెలుస్తుంది. కానీ కొన్ని కీబోర్డులు పొల్లుతో ముగిసే మాటల చివర కూడా దాన్ని వదులుతాయి. అప్పుడు "నవల్స్" అని రెండు చోట్ల అచ్చంగా ఒకేలా కనిపిస్తుంది, కంప్యూటర్‌కి మాత్రం అవి రెండు వేరే మాటలు. ఐత్వం కూడా అంతే. కంప్యూటర్లు అన్ని భాషల లిపులకూ వాడే యూనికోడ్‌లో దాన్ని ఒక్క గుర్తుగానూ రాయొచ్చు, రెండు గుర్తులు కలిపీ రాయొచ్చు. మంచి సాఫ్ట్‌వేర్ రెండింటినీ ఒకటిగా చూస్తుంది, అన్నీ చూడవు. మీరు ఎంచుకున్న టూల్‌లో ఒక పది పుస్తకాలు ఎక్కించి, ఫోన్‌లో ఒక కీబోర్డుతో, కంప్యూటర్‌లో మరో కీబోర్డుతో వెతికి చూడండి. రెండుచోట్లా దొరికితే ముందుకు వెళ్లండి.

కోహా పెట్టేవాళ్లు, అందులో వెతకడానికి పనిచేసే జీబ్రా ఇండెక్సింగ్‌లో ఐసీయూ అనే రకం ఎంచుకోవాలి. రెండో రకం రోమన్ లిపి భాషలకు సరిపోతుంది, మనకు సరిపడదు.

పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన లిస్టులు ఎవరి దగ్గరైనా ఉంటే వాటిని నేరుగా ఎక్కించకండి. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంట్ లేని మెషీన్‌లో పిచ్చి గుర్తులుగా కనిపిస్తాయి. ముందు కన్వర్టర్‌తో మార్చి, వత్తులు ఒకసారి కళ్లతో సరిచూడాలి.

అరచూపు | సోమవారం, ఉదయం 7:48

రచయితల పేర్ల గురించి ఎవరూ ఎత్తలేదు. నాకు అన్నిటికంటే ఎక్కువ టైం పట్టింది అక్కడే.

ఈ టూల్స్ చాలావరకు పేరులో చివరి మాటను ఇంటిపేరుగా తీసుకుంటాయి. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది. టూల్‌కి వదిలేస్తే "రావు" కింద, "శాస్త్రి" కింద ఒకరికొకరు సంబంధం లేని డజన్ల మంది ఒకచోట చేరతారు. కాబట్టి రచయిత పేరు ఎక్కించేటప్పుడు ఇంటిపేరు, కామా, మిగతా పేరు అని మీరే విడగొట్టి రాయండి. ఇంటిపేరు పొడి అక్షరంగానే ఉండి, పూర్తి రూపం తెలిస్తే పూర్తిగా రాయండి.

కలం పేర్లది ఇంకో కథ. శ్రీశ్రీ అని ఒక పుస్తకం మీద, శ్రీరంగం శ్రీనివాసరావు అని ఇంకోదాని మీద ఉంటే టూల్ ఇద్దరనుకుంటుంది. చలం, గుడిపాటి వెంకటచలం కూడా అంతే. లైబ్రరీథింగ్‌లో అలాంటి రెండు రచయిత పేజీలను సభ్యులే కలపొచ్చు. మీరు ఒకసారి కలిపితే ఆ రచయిత పుస్తకాలున్న వాళ్లందరికీ ఆ మేలు అందుతుంది.

గ్రంథపాలిక | సోమవారం, ఉదయం 9:10

లైబ్రరీలు దీనికోసమే అథారిటీ ఫైల్ అని విడిగా పెట్టుకుంటాయి. ఒక మనిషికి ఒకే ప్రామాణిక రూపం, మిగతావన్నీ అక్కడికి దారి చూపిస్తాయి. వయాఫ్ అనే అంతర్జాతీయ సైట్‌లో చాలా దేశాల జాతీయ లైబ్రరీలు వాడే రూపాలు ఒకేచోట చూడొచ్చు. రచయిత పుట్టిన సంవత్సరం కూడా ఉంటుంది కాబట్టి ఒకే పేరున్న ఇద్దర్ని విడగొట్టడానికి పనికొస్తుంది. చిన్న పఠనాలయానికి పెద్ద వ్యవస్థ అక్కర్లేదు. ఒక ఫైల్‌లో "ఈ రచయితను మనం ఇలా రాస్తాం" అని ఒక లిస్టు పెట్టుకుని, ఎక్కించే అందరూ దాన్నే చూసి రాస్తే చాలు.

పొద్దుతిరుగుడు | సోమవారం, ఉదయం 11:33

ఇంత ఓపిగ్గా రాస్తున్నందుకు అందరికీ ధన్యవాదాలండీ. ప్రింట్ తీసుకుని మా వాళ్లకు చదివి వినిపిస్తున్నాను. అరల సంగతి కూడా చెప్పండి. డ్యూయీ నంబర్లు వేయాలా? మా దగ్గర తెలుగు నవలలు, కథలు, కవిత్వమే ఎక్కువ.

గ్రంథపాలిక | సోమవారం, మధ్యాహ్నం 1:25

డ్యూయీ దశాంశ వర్గీకరణ 1876లో వచ్చింది. అన్ని విషయాలూ సమంగా ఉన్న లైబ్రరీలో చక్కగా పనిచేస్తుంది. మీ దగ్గర చేయదు. తెలుగు సాహిత్యం అంతా అందులో 894.827 కింద వస్తుంది. తర్వాత 1 చేరిస్తే కవిత్వం, 2 చేరిస్తే నాటకం, 3 చేరిస్తే కథలు, నవలలు. అంటే మీ గదిలో సగం పుస్తకాల వెన్నుల మీద ఒకే పొడుగాటి నంబరు ఉంటుంది. పాఠకుడికి దానివల్ల దారి తెలియదు.

నా అభిప్రాయం ఇది. తెలుగు సాహిత్యానికి మీ సొంత గుర్తులు పెట్టుకోండి. నవలకు "న", కథలకు "క", కవిత్వానికి "ప", నాటకానికి "నా". కింద రచయిత ఇంటిపేరులో మొదటి రెండు అక్షరాలు. చరిత్ర, సైన్సు, తత్వం లాంటి మిగతా పుస్తకాలకు డ్యూయీలో మూడంకెలు చాలు. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో పాఠకుడి సమయం ఆదా చేయాలన్నది ఒకటి. ఆ గదిలోకి మొదటిసారి వచ్చిన పిల్ల ఎవరినీ అడగకుండా అర దగ్గరకు వెళ్లగలగాలి. ఏ గుర్తులైనా దాని కోసమే.

కేటలాగ్‌లో మాత్రం అర పేరు వేరు, వర్గం వేరు కాలమ్‌లుగా పెట్టండి. అరలు మారుతుంటాయి, పుస్తకం వర్గం మారదు.

నీలిసిరా | సోమవారం, రాత్రి 7:50

ఒక విన్నపం. నోట్స్ అనే గడిని ఖాళీగా వదలకండి.

నా దగ్గర ఒక వ్యాకరణ పుస్తకం ఉంది. మొదటి పేజీలో ఎవరో తండ్రి కూతురికి రాసిన రెండు వాక్యాలు, తేదీ. లోపల ఆ అమ్మాయి అంచుల్లో పెన్సిల్‌తో రాసుకున్న ఉదాహరణలు, కొన్నిచోట్ల పుస్తకంతో విభేదిస్తూ ప్రశ్నలు. ఆ పుస్తకం వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి, అది పునర్ముద్రణలు పొందిన పుస్తకమే. ఆ అంచుల రాతలు మాత్రం ఈ ఒక్క ప్రతిలోనే ఉన్నాయి. దాన్ని కేటలాగ్‌లో రాయకపోతే ఎవరైనా "పాతదైంది, కొత్త ప్రతి ఉంది కదా" అని తీసేయొచ్చు, అందులో వాళ్ల తప్పేమీ ఉండదు.

దాతల సంతకాలు, పాత లైబ్రరీ ముద్రలు, మధ్యలో దాచిన ఉత్తరాలు, రచయిత చేతి సంతకం, అన్నీ రాయండి. అంతా ఎక్కించలేకపోతే "అంచుల్లో రాతలున్నాయి" అని నాలుగు మాటలైనా రాయండి.

అరచూపు | సోమవారం, రాత్రి 8:30

నీలిసిరా గారి మాట చదువుతుంటే లైబ్రరీథింగ్‌లో లెగసీ లైబ్రరీస్ అనే విభాగం గుర్తొచ్చింది. చనిపోయిన ప్రముఖుల సొంత పుస్తకాలను పాత లిస్టులు చూసి సభ్యులే కేటలాగ్ చేస్తారు. మొదట్లో చేసినవాటిలో థామస్ జెఫర్సన్‌ది ఒకటి. 1814లో అమెరికా రాజధానికి నిప్పు పెట్టినప్పుడు అక్కడి లైబ్రరీ కాలిపోతే, మరుసటి ఏడాది జెఫర్సన్ తన 6,487 సంపుటాలను దేశానికి అమ్మారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మళ్లీ వాటితోనే మొదలైంది. 1851లో జరిగిన ఇంకో అగ్నిప్రమాదంలో వాటిలో దాదాపు మూడింట రెండు వంతులు పోయాయి. అయినా ఆయన దగ్గర ఏమేం ఉండేవో ఈరోజు మనం వరసగా చూడగలుగుతున్నామంటే, పుస్తకాలు కాలినా వాటి జాబితాలు మిగిలాయి కాబట్టే.

మల్లెపందిరి | సోమవారం, రాత్రి 9:14

అదే మాట మీద నా స్ప్రెడ్‌షీట్ వాదన మళ్లీ తెస్తాను. షెల్ఫారి అని ఒక సైట్ ఉండేది, చాలామంది తమ పుస్తకాలన్నీ అందులో ఎక్కించుకున్నారు. 2008లో అమెజాన్ కొన్నది, 2016లో మూసి గుడ్‌రీడ్స్‌లో కలిపేశారు. సైట్ ఎంత బాగున్నా అది మన చేతిలో ఉండదు. అందుకే ఆన్‌లైన్ టూల్ వాడండి, కానీ నెలకోసారి మొత్తం డేటా సీఎస్‌వీగా (ఏ స్ప్రెడ్‌షీట్‌లోనైనా తెరుచుకునే సాదా ఫైల్‌గా) దించుకుని మీ దగ్గర ఉంచుకోండి. ఎగుమతి చేసుకునే వీలు లేని టూల్ జోలికి అసలు వెళ్లకండి.

లాగ్‌ఫైల్ | సోమవారం, రాత్రి 9:40

పూర్తిగా ఒప్పుకుంటాను. పెద్ద సంస్థలకూ ఈ బాధ తప్పదు. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద రాన్సమ్‌వేర్ దాడి (డేటాను తాళం వేసి డబ్బు అడిగే సైబర్ దాడి) జరిగితే వాళ్ల ప్రధాన కేటలాగ్ 2024 జనవరి మధ్యదాకా ఆన్‌లైన్‌లో లేదు. ఓపెన్ లైబ్రరీని నడిపే ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద 2024 అక్టోబరులో దాడి జరిగినప్పుడు ఆ సైట్లు కొన్నాళ్లు ఆగిపోయాయి.

సీఎస్‌వీతో పాటు, టూల్ ఇస్తే మార్క్ ఫైల్ కూడా దించుకోండి. రేపు కోహాకి మారాలంటే అది తేలిక. దించిన సీఎస్‌వీని ఎక్సెల్‌లో రెండుసార్లు నొక్కి తెరిస్తే తెలుగు గజిబిజిగా కనిపించొచ్చు. టెన్షన్ పడకండి, ఫైల్ పాడవలేదు. డేటా ఇంపోర్ట్ చేసే దారిలో వెళ్లి ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఎంచుకుంటే సరిగ్గా వస్తుంది. గజిబిజిగా ఉన్నప్పుడు మాత్రం సేవ్ కొట్టకండి.

కొత్తచదువరి | మంగళవారం, ఉదయం 8:20

పఠనాలయంలో ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారన్నది కూడా ఆన్‌లైన్‌లో ఉంటుందా? అందరికీ కనిపిస్తుందా?

గ్రంథపాలిక | మంగళవారం, ఉదయం 9:02

కనిపించకూడదు. "బయట ఉంది, ఫలానా తేదీకి వస్తుంది" అన్నంతవరకే పాఠకులకు తెలియాలి. ఎవరి దగ్గర ఉందన్నది పని చూసేవాళ్లకు మాత్రమే. పుస్తకం తిరిగొచ్చాక ఎవరు చదివారన్న లెక్క ఉంచుకోవాల్సిన అవసరం కూడా లేదు. కోహాలో పాత లావాదేవీల నుంచి సభ్యుల పేర్లు తీసేసే సదుపాయం ఉంది. ఒక మనిషి ఏ జబ్బు గురించి చదివాడు, ఏ చట్టం గురించి చదివాడు అన్నది అతని సొంత సంగతి. స్ప్రెడ్‌షీట్‌ని లింక్ ఉన్న అందరికీ తెరిచిపెట్టే అలవాటు ఉంటే, సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు అందులో అసలు పెట్టకండి. వేరే ఫైల్‌లో పెట్టండి.

పొద్దుతిరుగుడు | మంగళవారం, రాత్రి 8:45

మావాళ్లంతా కూర్చుని మాట్లాడుకున్నాం. సర్వర్ చూసుకునేవాళ్లు ఇద్దరు లేరు కాబట్టి కోహా ఇప్పటికి వద్దనుకున్నాం. పఠనాలయానికి లైబ్రరీథింగ్, దాని మీద టైనీక్యాట్. నా సొంత పుస్తకాలకు వేరే ఖాతా. బార్‌కోడ్ ఉన్నవి ఎవరైనా స్కాన్ చేయగలరు కాబట్టి అవి పిల్లలకు అప్పజెప్తాం. రిజిస్టర్ చదవగలిగే పెద్దవాళ్లు ఓపిగ్గా ఉన్న ఈ రోజుల్లోనే పాత పుస్తకాలు ముందు ముగించాలని నిర్ణయం. యాక్సెషన్ నంబర్లు పాతవే ఉంచుతున్నాం.

ఒక్కటి మిగిలింది. వెన్ను మీద గుర్తులు అంటించాలి కదా, పాత పుస్తకాలకు స్టిక్కర్ వేస్తే పాడవుతాయా?

నీలిసిరా | మంగళవారం, రాత్రి 9:20

పాడవుతాయండీ. స్టిక్కర్ జిగురు కొన్నేళ్లకు గోధుమ రంగు తిరిగి గుడ్డలోకీ కాగితంలోకీ దిగుతుంది. సెల్లోటేప్ అయితే మరీ ఘోరం. పెళుసుబారిన పుస్తకాలకు, ఆమ్లం లేని కాగితం సన్నటి చీటీగా కత్తిరించి, గుర్తు రాసి, పైకి కొంచెం కనిపించేలా లోపల పెట్టండి. యాక్సెషన్ నంబరు టైటిల్ పేజీ వెనక మెత్తటి పెన్సిల్‌తో రాయండి, ఒత్తి రాయకండి. కొత్త పుస్తకాలకు మామూలు స్టిక్కర్లు ఫర్వాలేదు. అన్నిటికీ వెన్ను కింది నుంచి ఒకే ఎత్తులో వేస్తే వెతకడం తేలిక.

మల్లెపందిరి | మంగళవారం, రాత్రి 9:55

పొద్దుతిరుగుడు గారూ, బార్‌కోడ్ లేనివాటికి కలిసి పని చేయడానికి ఒక ఖాళీ షీట్ తయారుచేసి పెట్టాను. ముందు ఇందులో రాసి, సరిచూసి, తర్వాత ఎక్కించుకోవచ్చు. కాలమ్‌లు ఇవి: యాక్సెషన్ నంబరు, టైటిల్ పేజీ మీది పేరు, మరో రూపం, ఇంటిపేరు, మిగతా పేరు, ప్రచురణకర్త, ముద్రణాలయం, పుస్తకం మీది సంవత్సరం, అంచనా సంవత్సరం, పేజీలు, వర్గం, అర, దాత, ఈ ప్రతి గురించి నోట్స్, ఎక్కించినవారు, సరిచూసినవారు. చివరి రెండు కాలమ్‌ల్లో ఒకే పేరు రాకుండా చూసుకోండి. ఇంకేమైనా చేర్చాలంటే చెప్పండి, ఈ రాత్రికే మార్చి పంపిస్తాను.